అచ్చం అదే జవాబు

టెక్నాలజీ కన్సల్టింగ్ కంపెనీ ఇంటర్వ్యూలో, పడవలకు తుపాను హెచ్చరికలు పంపే యాప్ ఎందుకు తయారుచేశావని ఫేబీని అడిగారు.

“మా నాయన మైపాడులో చేపల వేటకు పోయి తిరిగి రాలేదు సార్.”

మేనేజరు విసుగ్గా చూశాడు. “ఇందాక అనూష కూడా అచ్చం ఇదే చెప్పింది. కాలేజీలో అందరికీ ఇదే నేర్పించారా?”

అనూష ఆమె రూమ్‌మేట్; ఆ యాప్ ఇద్దరూ కలిసి చేసిందే. వారం రోజులుగా ఆమె చేత జవాబులు ప్రాక్టీసు చేయించింది ఫేబీయే. ఇక వెళ్లమన్నారు.

వరండాలో అనూష తల దించుకుని నిలబడి ఉంది. పక్కన, మనుబోలు నుంచి క్యారియర్‌తో వచ్చిన ఆమె తండ్రి.

“దామ్మా ఫేబీ, నీక్కూడా అన్నం తెచ్చినా. అనూష సెలెక్టయిందంట! సార్లకో దండం పెట్టొస్తా,” అన్నాడాయన సంబరంగా.

ఫేబీ అనూషను పక్కకు లాగింది.

“మీ నాయన్ని లోపలికి పోనియ్యబాక. ఆడ ఆయన చనిపోయినాడు.”