మధ్యాహ్నం అప్‌డేట్

దేవుడికీ అత్తగారికీ తన మాట వినిపిస్తోందా లేదా అన్న సందేహం ఆ ఇంటి కోడలికి ఏళ్లుగా ఉంది. పొద్దున్నే ఇద్దరికీ తన గోడు చెప్పుకుంటుంది. ఇద్దరూ పలకరు.

అత్తగారికి పక్షవాతం. మాట పడిపోయింది. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది. జావ తాగించడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, అన్నీ కోడలే. ఆ మంచాన్ని ఆనుకునే కంప్యూటరు బల్ల.

ఇప్పుడు ఆ బల్ల ముందు మెకానిక్ కూర్చున్నాడు. వెనక ఆమె భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మణికట్టుకున్న కట్టు కనబడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని ఆమె గుమ్మంలో ఉంది.

"చెప్పాపెట్టకుండా అప్‌డేట్ అంటూ ఆగిపోతోందండీ. మళ్లీ లేచేసరికి అరగంట. అంతసేపూ కెమెరాలన్నీ గుడ్డివే" అన్నాడు భర్త.

గేటుకొకటి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పెరటి తలుపు మీద ఒకటి. అన్నీ ఈ కంప్యూటరుకే వచ్చి చేరతాయి. ఇక్కణ్నుంచి ఆఫీసులో ఉన్న అతని ఫోనుకు.

"దొంగల భయమా సార్?"

"విలువైన సొత్తు ఉన్నప్పుడు తప్పదుగా" అని నవ్వి, భార్యకేసి చూశాడు.

ఆమె ఒక్కసారే పారిపోబోయింది. కాపురానికొచ్చిన కొత్తల్లో, సంచి సర్దుకుని గేటు దాకా వెళ్లింది. అప్పుడు నిక్షేపంలా తిరుగుతున్న అత్తగారు అడ్డం వచ్చి, గేటుకు గడియ పెట్టింది. "నలుగురూ నవ్విపోతారు. నడువు లోపలికి" అంది. ఆ సాయంత్రం కొడుకు చెయ్యి చేసుకుంటుంటే తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తర్వాత ఆవిడ మంచాన పడింది. కాపలాకి మనిషి లేకుండా పోయింది. కెమెరాలు వచ్చాయి.

అతను ఆఫీసుకి వెళ్తూ తలుపుకు తాళం వెయ్యడు. "తాళం దేనికి? కళ్లున్నాయిగా" అంటాడు. ఆమె గడప దాటితే అతని ఫోను మోగుతుంది. కెమెరాలు ఆగితే అతను చేసే ఫోను హాల్లో మోగుతుంది. మొదటి రింగుకే ఎత్తాలి. పోయినసారి అప్‌డేట్ వచ్చినప్పుడు అత్తగారి పక్క మారుస్తూ ఆలస్యం చేసింది. ఆ రాత్రి మణికట్టు బెణికింది.

మెకానిక్ తల గోక్కున్నాడు.

"చిత్రంగా ఉందే! మామూలుగా ఇవి ఎవరూ వాడని వేళ చూసుకుని చేసుకుంటాయి సార్. మీదేమో ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. భోంచేసి కునుకు తీసే అలవాటున్నట్టుంది దీనికి."



"అసలు రాకుండా కట్టెయ్" అన్నాడు భర్త.

"మొత్తం కట్టేస్తే వైరస్‌లు దూరతాయి సార్. అడక్కుండా చెయ్యకుండా పెడతాను. వచ్చినప్పుడు ఈ మూల చిన్న గడి కనిపిస్తుంది. 'తర్వాత' అంటే నోరు మూసుకుని పడుంటుంది. 'ఇప్పుడే' అని నొక్కితేనే మొదలవుతుంది."

"ఎవరో ఒకరు నొక్కితేనేగా?"

"నొక్కితేనే సార్. పోనీ, పాస్‌వర్డ్ పెట్టమంటారా?"

"అక్కర్లేదు. నన్ను అడక్కుండా చిటికెన వేలు కదిపేవాళ్లు కూడా ఈ ఇంట్లో లేరు."

మెకానిక్ లేచాడు. వెళ్తూ వెళ్తూ ఆమె చేతి కట్టు చూశాడు. ఏదో అడగబోయి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

గేటు మూసిన చప్పుడయ్యాక భర్త ఆమె దగ్గరకొచ్చాడు. గొంతు పెంచలేదు.

"విన్నావుగా. ఇన్నాళ్లూ అది మిషను తప్పు. ఇకమీదట ఆగిందంటే నీ తప్పు. మణికట్టుతో సరిపెట్టను."

"నేనెందుకు ముట్టుకుంటానండీ" అంది ఆమె.

ఆ పూట ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒకటే అడిగింది, అప్‌డేట్ రాకూడదని. ఇంతకన్నా చిన్న కోరిక ఏ భక్తురాలైనా కోరి ఉంటుందా అని ఆమెకే అనిపించింది.

వారం తిరగలేదు. మధ్యాహ్నం ఆమె అత్తగారికి జావ గిన్నెలో పోస్తోంది. వంటింటి కెమెరా మీద పచ్చదీపం ఆరిపోయింది.

గిన్నె చేత్తో పట్టుకునే పరుగెత్తింది. తెరంతా నీలంగా ఉంది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని దాని మీద అక్షరాలు.

"నేను ముట్టుకోలేదు. దేవుడా, నేను ముట్టుకోలేదు!"

ఎవరికి చెప్పాలి? ఎవరు నమ్ముతారు? ఇంట్లో ఉన్నది తనూ, మంచంలో ఈవిడా.

హాల్లో ఫోను మోగింది.

ఎత్తి ఏం చెప్పాలి? ఎత్తకపోతే అతను బయల్దేరతాడు. ఊరికి ఆ చివర్నుంచి రావాలి. వీధి తలుపు తీసే ఉంది. చూసే కళ్లు లేవు. ఇలాంటి అరగంటల్లో వెళ్లిపోవాలని ఇంతకుముందూ అనిపించింది. కానీ తను గడప దాటితే ఈ ముసలి ప్రాణానికి ఇంత జావ పోసేదెవరు?

గిన్నె బల్ల మీద పెట్టి, మొహం చేతుల్లో దాచుకుంది. ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఆగిన ప్రతిసారీ నొక్కింది నేనే పిచ్చిపిల్లా, ఆనాడు నేను పెట్టిన గడియ నేనే తీస్తున్నా, ఇకనైనా వెళ్లు" అంది అత్తగారు ముద్దముద్దగా, మౌసు మీద నుంచి చెయ్యి తీసి జావగిన్నె తనే అందుకుంటూ.