మ్యాచ్ రోజు ఉపవాసం

అమ్మను సమాధి చేసి ఇంటికొచ్చాం. గోడకున్న చర్చి క్యాలెండర్‌లో నా మ్యాచ్ రోజులన్నిటికీ అమ్మ పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టింది. చివరి సున్నా మొన్న శనివారానిది.

నేను గోవాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కు మిడ్‌ఫీల్డర్‌గా ఆడేవాణ్ని. నా మ్యాచ్ ఉన్న రోజు ఆట అయిపోయేదాకా అమ్మ నాకోసం ప్రార్థన చేసుకుంటూ మెతుకు ముట్టేది కాదు. షుగర్ ఉంది, వద్దమ్మా అన్నా వినేది కాదు.

ఆగస్టులో ప్రాక్టీసులో నా మోకాలి లిగమెంట్ తెగింది. ఇక ఆడలేనని తేలాక క్లబ్ తీసేసింది. మా ఊరు దాచేపల్లిలో మొహం చూపించలేక గోవాలోనే ఉండిపోయాను. అమ్మకు మాత్రం వారం వారం ఫోన్ చేసి "రేపు మ్యాచ్ ఉందమ్మా" అనేవాణ్ని.

మొన్న శుక్రవారం కూడా అలాగే అన్నాను. మర్నాడు ఖాళీ కడుపు మీద షుగర్ పడిపోయి అమ్మ వంటింట్లోనే కూలిపోయింది.

పక్కింటి గ్రేస్ పిన్ని కాఫీ తెచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేశాను.

"లేని మ్యాచ్‌కి ఉపాసం ఉంచి అమ్మను చంపుకున్నా పిన్నీ."

పిన్ని కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"మీ అమ్మకు తెలుసు దానియేలూ. సెప్టెంబర్లోనే నా ఫోన్లో మ్యాచ్ పెట్టించుకుని చూసింది. ఆడేవాళ్లలో నువ్వు లేవు, బయట కూర్చున్నోళ్లలోనూ లేవు."

"తెలిసి కూడా ఉపాసం ఎందుకుంది మరి?"

"నేనూ అదే అడిగా. ఆడేటప్పుడు వాడి పక్కన ఇంకో పదిమంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఒక్కడే గదా అంది."