మూడో మెట్టు

“ఇరవై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదండీ.” ఈత క్లబ్బు సెక్రటరీ ప్రమాదాల రిజిస్టరు తెరిచి చూపించాడు. పేజీలు ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాయి.

పాలసీ ఇచ్చేముందు క్లబ్బు చూసిపోవడానికొచ్చిన ఇన్సూరెన్స్ ఆఫీసరమ్మ నవ్వింది. “ఏమీ జరగని క్లబ్బంటేనే మాకు భయమండీ. పదండి, కొలను చూద్దాం.”

ఆయన ముందు మెట్లెక్కాడు. “మూడో మెట్టు కదుల్తుంది, దాటి రండి. ఆ కమ్మీ పట్టుకోకండి, ఊడొస్తుంది. ఇక్కడంతా పాచి, గోడవారగా నడవండి.”

ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని, తన పుస్తకంలో గబగబా రాసుకుంటోంది.

“ఏం రాస్తున్నారండీ?”

“మీరు చెప్పిందే. రిజిస్టరు కంటే మీ నోరే నయం.”

ఆయన మురిసిపోయాడు. “రోజూ గేటు దగ్గర నిలబడి పిల్లలందరికీ ఇలాగే చెబుతానండీ. వాళ్లమీద ఈగ వాలనివ్వను.”

“అయితే మీ క్లబ్బుకి పాలసీ మీరేనన్నమాట. మరి ఇప్పుడు గేటు దగ్గర ఎవరున్నారు?”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. గడియారం చూశాడు. కొత్త బ్యాచ్ వచ్చే వేళ. కింద గేటు కిర్రుమంది, చిన్న చిన్న అడుగులు పరుగందుకున్నాయి.

ఈ వయసులో ఆయన అంత జోరుగా పరుగెత్తగలడని ఆమె అనుకోలేదు. వెళ్లి చూస్తే, ఆయన మూడో మెట్టుకి అడ్డంగా, చేతులు బారచాపి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పిల్లలు బిత్తరపోయి నిలబడ్డారు.

“ఆ రిజిస్టరు, పెన్ను ఇలా ఇవ్వండి మేడమ్, ఈ మెట్టు సంగతి రాస్తాను,” అన్నాడు ఒగరుస్తూ. “మేస్త్రీ వచ్చేదాకా నేనిక్కణ్నుంచి లేవను.”