మూసేయాల్సిన సంస్థ

"పదేళ్లలో తొమ్మిదేళ్లు నష్టపోయిన సంస్థను ఏం చేస్తావమ్మా?" వీడియో కాల్లో అడిగాడు పరీక్షకుడు.

రెండేళ్ల ఎంబీఏను ముగిస్తున్న హేమకు అది ఆఖరి ప్రశ్న. చేలో ట్రాక్టరు ట్రాలీ ఎక్కితేనే సిగ్నలు. ఎదురుగా నిలబడి ఆమె నాయన పుల్లన్న ఫోను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"వెంటనే మూసేయాలి సార్," అంది, పుస్తకంలో ఉన్నట్టే.

"యాడ మూసేది పాపా? వానొస్తే మళ్లా శెనక్కాయ విత్తల్ల గదా," అన్నాడు పుల్లన్న.

"ఎవరది? పక్కవాళ్లు జవాబు చెబితే ఫెయిల్ చేస్తాను."



"పక్కవాళ్లు కాదు సార్. మీరడిగిన సంస్థ ఈయనదే."

పరీక్షకుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అయితే లాభమొచ్చిన ఆ ఒక్క ఏడాది ఏం చేశాడు?"

హేమ ఫోను వెనకున్న ముఖాన్ని చూసింది.

"నన్ను ఈ చదువులో చేర్పించినాడు సార్."