అర సెకను

"నొక్కేస్తున్నా, ఇర్మెలి గారూ!" ఫోనులో ఓస్కరి అరిచాడు.

"నొక్కకు."

టాంపెరె నగరంలోని ఆ వృద్ధుల నివాసంలో లిఫ్టు రెండంతస్తుల నడుమ బిగుసుకుపోయింది. దాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపించే మీట, ఊరవతల కంపెనీ కార్యాలయంలో, ఓస్కరి వేలి కింద ఉంది. లిఫ్టు కంప్యూటరు నుంచి వచ్చిన తీగ ఇర్మెలి ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో ఉంది.

ఇది మొదటిసారి కాదు. ప్రతిసారీ మీట నొక్కారు. ప్రతిసారీ కారణం చెరిగిపోయింది. ఆ కంప్యూటరుకు ప్రాణమైన కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము ఎక్కడ స్తంభిస్తోందో కనిపెట్టడానికి కంపెనీ ఇంజినీరు ఇర్మెలి ఒక కాపలా ప్రోగ్రాము రాసింది. దాని బరువుకు తలుపులు అర సెకను ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని అధికారి హోదాలో ఓస్కరి దాన్ని తీయించేశాడు. ఈ ఉదయం ఆమె ఎవరినీ అడగకుండా తిరిగి పెట్టింది.

"లోపల మనిషి బరువు చూపిస్తోందండీ!"

"అవును. ఒక ఆడమనిషి."

"పెద్దావిడా?"

"అరవై దాటాయి."

"అయ్యో! సౌనా ఆవిరిగదిలో కూడా ఇంతసేపు ఎవరూ కూర్చోరు. మీది గుండేనా, గ్రానైటు రాయా?"

"సోమవారం ఈ లిఫ్టును నడిపే ప్రోగ్రామునే ఆసుపత్రి లిఫ్టుల్లోకి పంపుతున్నావు. అప్పుడు లోపల స్ట్రెచర్ ఉంటుంది. అర సెకను మిగిల్చానని వాళ్లకు చెబుతావా?"

ల్యాప్‌టాప్ తెర మీద అంకెలు చీమల బారులా పాకుతున్నాయి. కాపలా ప్రోగ్రాము, స్తంభించిన క్షణాన్ని ఉన్నదున్నట్టు తోడి పంపుతోంది. మధ్యలో మీట నొక్కితే అంతా బూడిదే.

"ఆవిడకు గుండె ఆగిపోతే?"

"ఆగదు. ఆవిడకు ఒళ్లు మండుతోంది, అంతే."

"నవ్వులాటగా ఉందా మీకు? మూడు లెక్కపెడతాను. ఒకటి... రెండు..."

"దొరికింది!" ఇర్మెలి గొంతు మొదటిసారి చెదిరింది. "తలుపుల పని, బ్రేకుల పని ఒకదాని తాళంచెవి మరొకటి పట్టుకుని, 'ముందు నువ్వియ్యి' అని భీష్మించుకున్నాయి. అంతా భద్రం చేశాను. ఇప్పుడు నొక్కు."

"ముందు వెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పండి!"

"అది నువ్వు చెబుదువుగాని."

లిఫ్టు ఒక్క కుదుపుతో కదిలి, మూడో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే, ఇర్మెలి తీగ పీకి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, పట్టేసిన మోకాళ్లతో నేల మీంచి లేచి, అందులోంచి బయటికి అడుగుపెట్టింది.