ముందు సీటు

"అనంతగిరి వద్దు," అన్నది సుకుమారి, ఉగ్గు గిన్నె కడుగుతూ. "అడవి. ఫోన్ కలవదంట."

"సరే, బీదర్?" జెన్నిఫర్ ఫోన్‌లో బొమ్మలు జరిపింది. "కోట ఉన్నది."

"కోటంటే మెట్లుంటయ్. నా మోకాళ్ల సంగతి నీకు తెల్వదా?"

"పోనీ, సాగర్?"

"గంత దూరమా? ఒక్కనాట్ల తిరిగి రాలేం."

జెన్నిఫర్ కింది వాటాలో ఉంటుంది. పటాన్‌చెరులో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. డ్యూటీ దిగి, మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా నేరుగా మేడ మీదికి వచ్చింది. రాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఉయ్యాలలో నిద్రపోతున్న బిల్లీ మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్లు వెచ్చగా లేదని తేలాకే కూర్చుంది. రోజూ అంతే.

పంద్రాగస్టు శుక్రవారం పడింది. మర్నాడు కృష్ణాష్టమి, ఆ తర్వాత ఆదివారం. ఆ పంద్రాగస్టుకే సుకుమారికీ బర్నబా సారుకీ పెళ్లయి రెండేళ్లు. రుద్రారం బడిలో లెక్కలు చెప్పే బర్నబాను ఇస్నాపూర్‌లో అందరూ సారు అంటారు. సుకుమారి కూడా అట్లానే పిలుస్తుంది. పెళ్లయ్యాక ఇద్దరే కలిసి ఎటూ పోలేదు. నిరుడు పెళ్లిరోజుకు ఎటన్నా పోదామని ఆయన అడిగాడు. అప్పుడు ఇంట్లో పురిటి మంచం, ఎట్లా కుదురుతుంది? ఇప్పుడు బిల్లీకి ఏడాది నిండింది, ఆయన మళ్లీ అడిగాడు. ఈసారీ కాదంటే ఇంక ఎన్నడూ అడగడని జెన్నిఫర్ భయం.

"మెదక్ చర్చికి పోతే సరిపాయె," అన్నది సుకుమారి. "పొద్దున పోయి పగటి అన్నం యాళ్లకు వస్తం."

"అది ప్రార్థనకు పోయేది. ఇది పెళ్లిరోజు." జెన్నిఫర్ ఫోన్ పక్కన పెట్టింది. "నువ్వు పోయే జాగ చూస్తలేవు. ఎంత జల్దీ తిరిగొస్తనో గదే చూస్తున్నవ్."

"మరి వీణ్ణెవరు చూస్తరు?"

"ఆనాడు నాకు గూడ సెలవే. మా ఆయనకు ఈ వారం నైట్ షిఫ్టు, పగలు ఇంట్లనే ఉంటడు. ఉగ్గు తినిపిచ్చుడు గూడ నేర్పిన."

"నీకేం తెలుసే వాని సంగతి? పొద్దంత ఉండేది నాతోని. నిద్రల ఉలిక్కిపడితే కుడి భుజం మీదనే ఏసుకోవాలె. ఎడమ దిక్కు ఏస్తే ఊకోడు."

జెన్నిఫర్ మొహం చిన్నబోయింది. "నేర్చుకుంట," అన్నది.

సుకుమారి గిన్నె బోర్లించింది. "పిల్లోణ్ణి ఇడిసిపెట్టి షికారుకు పోయిందని ఎదురింటి బక్కమ్మ వాడంత చెప్తది."

"పెళ్లినాడు గూడ నవ్వింది బక్కమ్మ. అప్పుడు ఆగినవా? ఆ పెళ్లి ఫోటోనన్న గోడకు పెట్టు ఇగ. బీరువల పెట్టి తాళమేసినవ్."

"కిరాయి ఇల్లు. మేకులు కొట్టనియ్యరు."

"క్యాలెండర్‌కు కొట్టనిచ్చిండ్రా?"

ఇంతలో బర్నబా మెట్లెక్కి వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బాతో. మాటలు కింది దాకా వినపడ్డట్టున్నాయి.

"కుదరకుంటే పర్వాలేదు, సుకుమారి," అన్నాడు. "కారు కడిగి పెట్టిన. చర్చికే పోదాం. నువ్వు పరేషాన్ కాకు."

"సారూ, ఒకటి అడుగుత," అన్నది జెన్నిఫర్. "కారెక్కితే ఈమె పిల్లోణ్ణి పట్టుకొని ఎన్కనే కూసుంటది. మరి మీ పక్క సీట్ల ఎవరు కూసుంటున్నరు?"

"టిఫిన్ డబ్బా," బర్నబా నవ్వాడు. "బ్రేకేస్తే కింద పడ్తది గని, మంచిదే. ఎదురు మాట్లాడదు."

జెన్నిఫర్ పకపకా నవ్వింది. సుకుమారి నవ్వలేదు. ఆయన డబ్బా విప్పి తానే కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి ఒక్కడే వండుకుని ఒక్కడే కడుక్కున్న మనిషి, ఆ అలవాటు ఇంకా పోలేదు. సుకుమారి ఆ వీపు వైపు కాసేపు చూసింది.

"అనంతగిరిల మెట్లుంటయా?" అని అడిగింది.

శుక్రవారం బడిలో జెండా ఎగరేసి బర్నబా వచ్చేసరికి సుకుమారి మెరూన్ చీర కట్టుకుని ఉంది. లేత రంగులు ఇగ చాలని జెన్నిఫర్ తీసి ఇచ్చిన చీర. పాలు ఎంత వేడి ఉండాలో, ఫ్యాను ఎంత తిరగాలో మళ్లీ మొదటి నుంచి చెప్పి గేటు దాటింది. ఎదురుగా బక్కమ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఏడికి పోతుండ్రు తయారై?"

"పెళ్లిరోజు గదా, అనంతగిరికి," నాలుగిళ్లకు వినపడేటట్టు చెప్పింది జెన్నిఫర్.

"పిల్లోణ్ణి ఇడిసా?" బక్కమ్మ చీపురు ఆపింది. "మంచిగనే ఉన్నది మీ సంబరం."

సుకుమారి అడుగు ఆగిపోయింది. అలవాటు ప్రకారం కారు వెనక తలుపు తీసింది, ఒక కాలు లోపల పెట్టింది. మళ్లీ బయటికి తీసింది. "సారూ, ఇంకోసారి..." అనబోయింది.

బర్నబా తాళంచెవి చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

జెన్నిఫర్ బిల్లీని భుజాన వేసుకుని వచ్చింది. కుడి భుజమే. వెనక తలుపు మూసి, ముందు తలుపు తీసి, సీటులో ఉన్న టిఫిన్ డబ్బాను చేతిలోకి తీసుకుంది.

"ఇయ్యాల్టి సంది ఇది నీ జాగ. కూసో."

సుకుమారి బక్కమ్మ వైపు చూసింది, బిల్లీ వైపు చూసింది. కూర్చుంది. బెల్టు ఎట్లా పెట్టుకోవాలో తెలియక వెతుక్కుంటుంటే బర్నబా వంగి లాగి పెట్టాడు. ఆమె సిగ్గుపడింది, కానీ ఆయన చెయ్యి తోసెయ్యలేదు.

కారు కదిలింది. బిల్లీ ఏడవలేదు. జెన్నిఫర్ కళ్లు తుడుచుకుని వాడి చిన్న చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"బిల్లీ, అమ్మమ్మకు టాటా చెప్పు."