బుజ్జిబాబు వర్ధంతి

"బుజ్జిబాబు చావలేదు నాయనా."

పత్రికాఫీసు గుమ్మంలో నిలబడి ఓ ముసలామె అన్న మాట అది. చంకలో గుడ్డసంచి, చేతిలో ఆ పొద్దుటి పేపరు.

సబ్ ఎడిటర్ తలెత్తాడు. సినిమాల్లో, పాటల్లో ఏ తేదీన ఏం జరిగిందో చెప్పే 'ఈ రోజున' శీర్షిక అతనిదే. అతనిదంటే, నిరుడు వేసింది చూసి ఈ ఏడు వేయడం.

"బాలగాయకుడు బుజ్జిబాబు వర్ధంతి. ఇరవయ్యేళ్లుగా వేస్తున్నాం మామ్మగారూ. ఒక్కరూ కాదన్లేదే!"

"సినిమా ఆఖర్లో చచ్చేది కథలో పిల్లాడు. మీరు పాటలు పాడినవాణ్ని కూడా చంపేశారు. పైగా తేదీ చూడు, సినిమా విడుదలైన రోజే!"

"ఫోటో కూడా ఉందిగా?"

"అది నటించినవాడిది. వాడి గొంతు కప్పకి చుట్టం."

పక్క బల్ల దగ్గర ప్రూఫ్ రీడర్ కిసుక్కున నవ్వాడు.

"ఇంతకీ బుజ్జిబాబు మీకేమవుతాడు?"

ఆమె చంకలో సంచి సర్దుకుంది.

"బాగా దగ్గరవాడు."

తల్లి కాబోలు అనుకున్నాడు సబ్ ఎడిటర్. కొడుకు పోయాడంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

"సాయంత్రం పక్క వీధి హాల్లో ఆ సినిమాకి యాభై ఏళ్ల సభ. పాడినవాళ్లందర్నీ పిలిచారు. మీ పేపరు నమ్మి బుజ్జిబాబుని వదిలేశారు. హాలు వాళ్లకి ఫోన్ చేసి, తప్పు పడిందని ఒక్క మాట చెప్పు. ఎప్పుడూ తెర వెనకే గదా, పోయేలోగా ఒక్కసారి వేదికెక్కి పాడాలని వాడి ఆశ."

"రుజువుండాలి మామ్మగారూ."

"గొంతు వింటే చాలదూ?"

"రికార్డు తెచ్చారా?"

"లేదు."

"మరి గొంతెక్కణ్ణుంచి వస్తుంది, సంచిలోంచా?"

ఈసారి గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"మొన్న హాలు వాళ్లూ ఇలాగే నవ్వారు. వాడు పాడితే ఎవరూ నవ్వరు."

"సరే, చెప్తాలెండి."

ఆమె చేతులు జోడించి వెళ్లిపోయింది. అతను ఫోన్ వంక చూడనైనా లేదు.

సాయంత్రం సభకి వార్త రాసుకోవడానికి అతనే వెళ్లాడు.

బుజ్జిబాబు ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. వెయ్యి మంది లేచి నిలబడ్డారు.

ఆ మౌనంలో పాట మొదలైంది.

మూసిన తలుపు అవతలి నుంచి. పదేళ్ల కుర్రాడి గొంతు. యాభై ఏళ్ల కిందట విన్న గొంతే, వీసమెత్తు తేడా లేదు. హాల్లో ఏడుస్తున్న చంటిపిల్ల కూడా నోరు మూసింది.

పల్లవి అయింది. చరణంలో పైకి, ఇంకా పైకి వెళ్తూ వెళ్తూ గొంతు పుటుక్కున తెగిపోయింది.

సబ్ ఎడిటర్ తలుపు తోసుకుని పరుగెత్తాడు. మెట్ల మీద కాపలావాడు చతికిలబడి ఉన్నాడు.

"పిల్లాడేడీ?"

"పిల్లాడెవడూ లేడు సార్. లోపలికి రానివ్వనంటే, ఇక్కడే నిలబడి పాడతానందీవిడ."

అతని ఒళ్లో ముసలామె తల. పక్కన గుడ్డసంచి.

మరుసటి ఏడు 'ఈ రోజున' శీర్షికలో బుజ్జిబాబు వర్ధంతి తేదీ మార్చాల్సిన పని లేకపోయింది. సబ్ ఎడిటర్ పిల్లాడి ఫోటో తీసేసి, ముసలామె ఫోటో పెట్టాడు, అంతే.